ఆర్.కె. బీచ్‌కి ఎన్నింటికి వెళ్ళాలి?

ప్రశ్న: మేడమ్ గారూ, డిసెంబరు రెండో వారంలో మొదటిసారి వైజాగ్ వస్తున్నాం. నేను, మావారు, పదకొండేళ్ళ బాబు, ఏడేళ్ళ పాప, మా అత్తమ్మ. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆది, సోమ రెండు రోజులే ఉంటాం. మావారు ఫోన్లో చూసి పదహారు చోట్లతో లిస్టు రాశారు. చాలావరకు బీచ్ రోడ్డు మీదే ఉన్నాయి కాబట్టి ఒక్క రోజులో అయిపోతాయంటారు. పిల్లలేమో సముద్రంలో స్నానం చేస్తామని ఇప్పట్నుంచే గొడవ. ఆర్.కె. బీచ్‌లో దింపొచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అమ్మా, ముందు స్నానం సంగతి తేల్చేద్దాం. వద్దు. ఆర్.కె. బీచ్‌లో పాదాలు తడిస్తే చాలు, పిల్లల చెయ్యి మీ చేతిలో ఉండాలి.

నేను పాండురంగపురంలో ముప్పై ఎనిమిదేళ్ళుగా ఉంటున్నాను. మా ఇంటి డౌన్, అంటే వాలు రోడ్డు, దిగితే బీచే. ఇన్నేళ్ళలో నడుము దాటి నీళ్ళలోకి దిగింది ఎప్పుడూ లేదు. మా అక్క కొడుకు పదో తరగతి పరీక్షలు రాసి వరంగల్ నుంచి వచ్చాడు. మోకాలి లోతులోనే నిలబడ్డాడు, నేను ఒడ్డునే ఉన్నాను. అల వెనక్కి వెళ్తూ వాడి కాళ్ళ కింద ఇసుకను తోడేసింది. కూలబడ్డాడు, రెండో అల మీద పడింది, మూడో అలకి వాడు నాకు కనిపించలేదు. వల సర్దుకుంటున్న జాలారిపేట ఆయన ఒకాయన పరిగెత్తి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాడు. నేను ఏడుస్తూ దండం పెడితే, "ఇక్కడ పుట్టినోళ్ళమే దిగం, మీరు దించుతారా?" అని నన్ను తిట్టాడు. ఆ తిట్టే నా చదువుకున్న బుర్రకి అందాల్సినంతగా అందింది.

సంగతి ఏమిటంటే, అలలు ఒడ్డుకి తెచ్చి పోసిన నీరంతా మళ్ళీ లోపలికి పోవాలి కదా. అది ఒడ్డు పొడవునా సమానంగా పోదు. ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ పోగై, ఏరులా లోపలికి లాగుతుంది. రిప్ కరెంట్ అనేది దీన్నే. చిక్కంతా ఏమిటంటే, ఆ సందులో లోతు ఎక్కువ కాబట్టి అలలు విరగవు. రెండు పక్కలా నురగ, మధ్యలో నీళ్ళు ప్రశాంతంగా కనబడతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు "ఇక్కడ బాగుంది" అని సరిగ్గా అక్కడే దిగుతారు. ఒకవేళ ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఎంత ఈత వచ్చినవాళ్ళకైనా దమ్ము అయిపోతుంది. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఈత రానివాళ్ళు వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపాలి. ఇది బాబుకి రైల్లోనే చెప్పండి, వయసు ఉంది, అర్థమవుతుంది.

స్నానం తప్పదంటే రుషికొండ నయం. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్. స్నానానికి గుర్తు పెట్టిన చోటు ఉంటుంది, బట్టలు మార్చుకునే గదులు ఉంటాయి. అక్కడా ఆ గుర్తు దాటకూడదు. రైల్వే స్టేషన్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వెళ్ళే 900కె సిటీ బస్సు ఉంది గానీ, అత్తగారితో అయితే ఆటోయే మేలు. ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి. దిగాక మాట్లాడితే అది వేరే రేటు.

ఇక లిస్టు. మావారికి చెప్పండి అనబోయాను, మీవారికి చెప్పండి, చాలావరకు పక్కపక్కనే ఉన్నమాట నిజమే, కానీ బీచ్ రోడ్డుకి ఒక టైమ్ టేబుల్ ఉంది. అది తెలియకపోతే పదహారులో పది మూసిన గేట్లే చూస్తారు. సబ్‌మెరైన్ మ్యూజియానికి సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు. కాబట్టి మీకు ఆదివారం ఒక్కటే ఉంది, ఆ రోజు వైజాగ్ సగం అక్కడే ఉంటుంది. రైలు టికెట్లు ఇంకా తీసుకోకపోతే ప్రయాణం శని, ఆదివారాలకు మార్చుకోండి. కుదరకపోతే ఆదివారం తెరిచిన వెంటనే వెళ్ళండి. సాయంత్రం ఐదు తర్వాత ఆ క్యూలో నిలబడటం నాకే ఓపిక లేదు.

ఆ ఒక్కటీ మాత్రం వదలొద్దు. ఐఎన్ఎస్ కురుసుర సోవియట్ యూనియన్‌లో కట్టిన జలాంతర్గామి. 1969లో మన నేవీలో చేరి 2001లో రిటైరైంది. ఆ మరుసటి ఏడాది ఇసుక మీదకి తెచ్చి మ్యూజియం చేశారు. 91 మీటర్ల పొడవు, లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒత్తిగిల్లాలి. డెబ్భై మందికి పైగా అందులోనే తిని, అందులోనే పడుకుని, నీళ్ళ కింద ఉండేవాళ్ళు. నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళే చూపిస్తారు. గబగబా తోసుకుంటూ నడవకండి. స్నానం నీళ్ళు ఎలా సరిపోయేవని, ఉక్కపోతకి ఏం చేసేవారని బాబుని అడగమనండి. అడిగిన పిల్లలకి వాళ్ళు ఇష్టంగా చెప్తారు. మెట్లు ఎక్కాలి, లోపల తల వంచాల్సిన చోట్లు ఉన్నాయి కాబట్టి అత్తగారు వద్దు. ఎదురుగా రోడ్డుకి అవతల టీయూ-142 విమానం ఉంది, అదీ నేవీదే, 2017లో రిటైరై వచ్చింది. ఆవిడకి బయట నుంచి చూసినా దాని రెక్కల సైజు తెలుస్తుంది.

అక్కడికి దగ్గర్లోనే విక్టరీ ఎట్ సీ స్మారకం. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ తీరానికి దగ్గర్లోనే, డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ. స్మారకం చూడటానికి అయిదు నిమిషాలు చాలు. కానీ కురుసుర లోపల తిరిగొచ్చిన పిల్లలకి, అలాంటిదే ఒకటి ఎదురుగా కనబడుతున్న ఈ నీళ్ళ అడుగున ఉందని చెప్తే ఒక్కసారి నోరు మూసుకుంటారు. నేను మా మనవల మీద ప్రయోగించి చూశాను. వీలుంటే విశాఖ మ్యూజియం కూడా, పాత డచ్చి బంగళా. 1942 ఏప్రిల్ 6న జపాన్‌వాళ్ళు వైజాగ్ మీద బాంబులు వేశారు, అందులో ఒకటి అక్కడ పెట్టారు.

అత్తగారి మోకాళ్ళ కోసం ఒక ముఖ్యమైన మాట. పొద్దున్నే కొన్ని గంటలు వాకింగ్ చేసేవాళ్ళ కోసం బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు. మాకు అది పండగ. మీకేమో ఆటో పైనే దింపేసి పోతుంది, అక్కణ్ణుంచి దిగుడు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఎక్కడం కన్నా దిగడమే కష్టమని నాకు ఈ మధ్య సొంతంగా తెలిసింది. అందుకని రూము బీచ్ రోడ్డు మీదే తీసుకోండి, నాలుగు వందలు ఎక్కువైనా సరే. ఆవిడ దుప్పటి కప్పుకుని మెల్లగా వచ్చి గట్టు మీద కూర్చుంటే చాలు, పొద్దున ఆవిడకి కావలసినంత కాలక్షేపం. నవ్వుల క్లబ్బువాళ్ళు, యోగావాళ్ళు, కుక్కల్ని తిప్పేవాళ్ళు, రాగిజావ అమ్మేవాళ్ళు, దూరంగా పోర్టు కోసం లంగరేసి ఎదురుచూసే ఓడలు. కుడిచేతి వైపు సముద్రంలోకి ముక్కు పెట్టినట్టు ఉండే కొండ డాల్ఫిన్స్ నోస్. మీ నెలలో సూర్యుడు ఆరుంబావు దాటాక వస్తాడు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తే తెల్లారకముందే దిగుతారు, రూము ఎలాగూ అప్పుడే ఇవ్వరు, సామాను స్టేషన్లో పెట్టి తిన్నగా బీచ్‌కే వచ్చేయండి.

పదకొండు నుంచి మూడున్నర దాకా బీచ్‌లో ఉండొద్దు. డిసెంబరైనా ఇసుక మీద ఎండ ఎండే, చెమట ఆరదు. ఆ టైములో అన్నం తిని పడుకోండి. సోమవారం పొద్దున కైలాసగిరి. కొండే అయినా పైదాకా బండి వెళ్తుంది, రోప్‌వే కూడా ఉంది. పైనుంచి తీరమంతా ఒక్క చూపులో అత్తగారికి చూపించవచ్చు. ఇంకో సంగతి, డిసెంబరులో మీ ఊరికన్నా ఇక్కడ దాదాపు ఇరవై నిమిషాల ముందే చీకటి పడుతుంది. అయిదున్నరకి ఇంకా వెలుతురు ఉంటుందిలే అనుకుని పిల్లల్ని దూరం వదలకండి.

పాపకి గుర్రం ఎక్కించండి, ఎక్కకముందు ఎంత దూరమో అడగండి. అందరూ మురీ మిక్స్చర్ తినండి. మురీ అంటే మరమరాలే, మాకు ఒడిశా పక్కనే కదా, ఆ మాట ఇటు వచ్చేసింది. ఉల్లిపాయ, టమోటా, వేరుశనగలు, నిమ్మకాయ పిండి అప్పటికప్పుడు కలిపి పొట్లం కట్టిస్తారు. పిల్లలకి కారం తగ్గించమని ముందే చెప్పాలి.

లిస్టులో ఇంకా తొమ్మిదో పదో మిగిలాయని మీవారు అంటారు. అననివ్వండి.

ప్రశ్న: మాది పాత వైజాగే, ఇప్పుడు చెన్నైలో ఉంటున్నాం. చిన్నప్పుడు ఆర్.కె. బీచ్‌లో రోడ్డు దిగి చాలాసేపు నడిస్తే గానీ నీళ్ళు వచ్చేవి కావు. మొన్న వస్తే కొన్నిచోట్ల అల గోడని కొడుతోంది. సముద్రం ముందుకొచ్చిందా, నా జ్ఞాపకమే పొడుగైందా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: రెండూ కొంచెం కొంచెం. చిన్న కాళ్ళకి ఇసుక ఎప్పుడూ పొడుగే. కానీ కోత నిజం, గోడలు కూలి, ఫుట్‌పాత్ కింద మట్టి కొట్టుకుపోయిన సంవత్సరాలు నేను చూశాను.

మన తీరంలో ఇసుక నిలకడగా ఉండేది కాదు, నడిచేది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఒడ్డుకి ఏటవాలుగా తగిలి ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కి వస్తుంది, పోయినంత రాదు. అంటే ఆర్.కె. బీచ్‌లో నిన్నటి ఇసుక భీమిలి వైపు వెళ్ళిపోతూ ఉంటే, దక్షిణం నుంచి కొత్తది రావాలి. ఆ దారిలో డాల్ఫిన్స్ నోస్ పక్కన పోర్టు ఉంది. 1970ల్లో ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. పెద్ద ఓడలు వచ్చాయి, ఊరు పెరిగింది, ఇసుక మాత్రం ఆ గోడల దగ్గర ఆగిపోయింది. అందుకే డ్రెడ్జర్‌తో ఆ ఇసుకను తవ్వి, పైపుల్లో తెచ్చి మన బీచ్ మీద పోస్తుంటారు. పోసిన కొన్నాళ్ళు మీ చిన్నప్పటి బీచ్ కనిపిస్తుంది. ఒక వానాకాలం గడిస్తే మళ్ళీ మొదటికి.

దీనికి తోడు తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా మన ఊరి మీదే తీరం దాటింది. మర్నాడు పొద్దున నేను డౌన్ దిగి చూస్తే చెట్టన్నది నిలబడి లేదు. పాండురంగపురం నుంచి సముద్రం అంత స్పష్టంగా కనబడటం అదే మొదటిసారి. బాగుందని అనిపించి, వెంటనే సిగ్గేసింది.

ఈసారి ఫిబ్రవరిలో రండి. అలలు నెమ్మదిగా ఉంటాయి, ఒడ్డు కాస్త వెడల్పుగా ఉంటుంది.

ప్రశ్న: ఆర్.కె. బీచ్‌లో ఆర్.కె. అంటే ఎవరు? మా క్లాసులో ఒకడు రాధాకృష్ణన్ గారి పేరంటాడు, ఆయన ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా చేశారు కదా అని. పందెం వేశాం.
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: మీ స్నేహితుడికి చరిత్ర బాగానే వచ్చు, రాధాకృష్ణన్ గారు ఇక్కడ వైస్ ఛాన్సలర్‌గా చేసిన మాట వాస్తవం. పందెం మాత్రం ఓడిపోయాడు. బీచ్ ఎదురుగా ఉన్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల వచ్చిన పేరు అది. గెలిచింది మీరైతే మురీ మిక్స్చర్ దగ్గరే వసూలు చేయండి.

ప్రశ్న: వైజాగ్ బీచ్‌లో సన్‌సెట్ ఫొటోలకి మంచి చోటు చెప్పగలరా? పెళ్ళయ్యాక మొదటి ట్రిప్ మాది.
– కొత్త జంట, అనంతపురం

జవాబు: శుభాకాంక్షలు నాయనా. కానీ మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి పుడతాడు, అస్తమించేది మీ వీపు వెనక, ఊళ్ళో మేడల అవతల, కొండల చాటున. ఏటా ఎంతమందో సాయంత్రం సముద్రం వైపు కెమెరా పెట్టుకుని ఎదురుచూడటం నేను చూస్తూనే ఉంటాను, చెప్పి మనసు నొప్పించడం ఎందుకని ఊరుకుంటాను.

సూర్యుడే కావాలంటే పొద్దున్నే లేవాలి. మే, జూన్‌లలో అయిదున్నర కూడా కాదు, అప్పటికే పైకి వచ్చేస్తాడు. కొత్త జంట లేస్తారని నాకు నమ్మకం లేదు కాబట్టి రెండో ఉపాయం చెప్తాను. పౌర్ణమి చూసుకుని రండి. ఆ సాయంత్రం వెనక సూర్యుడు దిగే వేళకి అటూ ఇటూగా ఎదురుగా నీళ్ళలోంచి చంద్రుడు లేస్తాడు, మొదట్లో ఎర్రగా, పెద్దగా. ఫోన్‌లో చిన్న చుక్కలా పడుతుంది, ముందే చెప్తున్నాను.