లైసెన్సు ఇచ్చేదెవరు? ఫిర్యాదు వినేదెవరు?

ఫోన్, ఇంటర్నెట్, టవర్ల నిబంధనలపై పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఈసారి తీసుకున్నాం.

ప్ర: మాది తణుకు దగ్గర మండల కేంద్రం. 600 కేబుల్ కనెక్షన్లు ఉన్నాయి. ఇప్పుడు అందరూ నెట్ అడుగుతున్నారు. పెద్ద కంపెనీ దగ్గర ఒక లైన్ తీసుకుని, స్విచ్చులు పెట్టి నేనే ఇళ్లకు ఇచ్చుకోవచ్చా? లైసెన్సు కావాలంటే ఎంతవుతుంది?
— కేబుల్ ఆపరేటర్, పశ్చిమ గోదావరి జిల్లా

జ: ఇవ్వకూడదండీ. కేబుల్ రిజిస్ట్రేషన్ టీవీ ప్రసారాల వరకే. లైన్ తీసుకుని నలుగురికి పంచి డబ్బు వసూలు చేశారంటే ఇంటర్నెట్ సేవ అమ్ముతున్నట్టే లెక్క. అనుమతి లేకుండా అమ్మితే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

మీకు రెండు దారులున్నాయి. మొదటిది, లైసెన్సు ఉన్న ఇంటర్నెట్ కంపెనీకి ఫ్రాంచైజీగా చేరడం. తీగ లాగడం, రిపేర్లు, వసూళ్లు మీవి. కస్టమర్ దరఖాస్తు, బిల్లు, ప్రభుత్వానికి జవాబుదారీ కంపెనీవి. వసూలైన దాంట్లో మీకు వాటా వస్తుంది. ఎక్కువమంది దెబ్బతినేది రసీదుల దగ్గరే. ఒప్పందం ఫ్రాంచైజీది, రసీదు పుస్తకం మీద మాత్రం సొంత కేబుల్ నెట్‌వర్క్ పేరు! తనిఖీకి వచ్చినవాళ్లు ముందు అడిగేది ఆ పుస్తకమే. బిల్లు మీద లైసెన్సున్న కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు ఉండి తీరాలి.

రెండోది సొంత లైసెన్సు. దీన్నిచ్చేది కేంద్ర టెలికాం శాఖ, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కాదు. 2013లో వచ్చిన యూనిఫైడ్ లైసెన్సులో ఇంటర్నెట్ సేవకు మూడు తరగతులున్నాయి. ‘ఎ’ దేశమంతటికీ, ‘బి’ ఒక టెలికాం సర్కిల్‌కు (రాష్ట్రం స్థాయి సేవా ప్రాంతం), ‘సి’ ఇంచుమించు ఒక పాత జిల్లా అంత ప్రాంతానికి. ప్రవేశ రుసుము వరుసగా 30 లక్షలు, 2 లక్షలు, 20 వేల రూపాయలు. మీకు ‘సి’ చాలు. అయితే దరఖాస్తుదారు కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీ అయి ఉండాలి, సొంత పేరుతోనో భాగస్వామ్య సంస్థ పేరుతోనో పెడితే తీసుకోరు. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టాలి. బ్యాంకు గ్యారంటీ వేరే ఇవ్వాలి. గడువు 20 ఏళ్లు.

20 వేలే కదా అని దిగితే అసలు ఖర్చు తర్వాత తెలుస్తుంది. సర్దుబాటు చేసిన స్థూల రాబడి (మొత్తం రాబడిలోంచి అనుమతించిన మినహాయింపులు పోగా మిగిలేది) మీద 8 శాతం లైసెన్సు ఫీజు కట్టాలి. అందులో 5 శాతం పల్లెల్లో సేవల విస్తరణకు పెట్టిన డిజిటల్ భారత్ నిధికి పోతుంది. మూడు నెలలకోసారి మీరే లెక్క వేసి కట్టాలి. రాబడి సున్నా అయినా లెక్క పంపాలి. రెండో ఏడాది నుంచి వ్యాపారం లేకపోయినా ప్రవేశ రుసుములో 10 శాతం కనీస ఫీజు తప్పదు. కొత్త చట్టం ‘లైసెన్సు’ బదులు ‘ఆథరైజేషన్’ అంటుంది. దాని నియమాలతో పాటు రుసుములూ మారతాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజు పోర్టల్‌లో ఉన్న రేటే చూసుకోండి.

ఇంతకన్నా బరువైన పని రికార్డులు దాచడం. 200 ఇళ్లకు ఒకే పబ్లిక్ ఐపీ అడ్రసు (నెట్‌లో బయటికి కనిపించే చిరునామా) ఇచ్చి నడిపిస్తున్నారనుకోండి. పోలీసులు వచ్చి ‘ఫలానా రాత్రి 9 గంటల 42 నిమిషాల 16 సెకన్లకు ఈ అడ్రసు వాడింది ఎవరు?’ అంటారు. ఏ ఇంటికి ఏ పోర్టు నంబరు (ఒకే అడ్రసు వాడే ఇళ్లను వేరు చేసేది), ఏ సెకనులో కేటాయించారో లాగ్‌లో ఉంటేనే చెప్పగలరు. ఈ వివరాలు కనీసం 2 ఏళ్లు దాచాలి. 2021 డిసెంబరు దాకా ఏడాదే ఉండేది. రౌటర్ గడియారాన్ని నెట్ టైమ్‌కు కలిపి పెట్టండి. అది నాలుగు నిమిషాలు వెనకబడితే ఏ పాపం తెలియని ఇంటివాళ్ల పేరు కేసులోకి ఎక్కుతుంది. ఇక కరెంటు స్తంభాల మీద తీగ వేయడానికి విద్యుత్ పంపిణీ సంస్థ అనుమతి విడిగా తీసుకోవాలి.

600 కనెక్షన్లతో మొదలుపెట్టేవారికి ఫ్రాంచైజీయే నయం. రికార్డులు, లెక్కలు చూసుకునే మనిషిని పెట్టుకునే స్థాయి వచ్చాక ‘సి’ గురించి ఆలోచించండి. బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్లో వైఫై అమ్మాలన్నంతవరకే అయితే, 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం వాణి పథకం కింద లైసెన్సే అక్కర్లేదు. నమోదైన అగ్రిగేటర్ (ఇలాంటి వైఫై కేంద్రాలను కలిపి నడిపే సంస్థ) దగ్గర చేరితే చాలు.

ప్ర: మా చేలో సెల్ టవర్ పెడతామని ట్రాయ్ ముద్రతో ఉత్తరం వచ్చింది. 25 లక్షల అడ్వాన్సు, నెలకు 40 వేల అద్దె ఇస్తారట. ముందు ‘ఎన్‌ఓసీ ఫీజు’ కింద 18,500 కట్టమంటున్నారు. కట్టమంటారా?
— రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

జ: రూపాయి కూడా కట్టకండి. అది మోసం. టవర్లకు ట్రాయ్ ఎన్‌ఓసీ ఇవ్వదు, దానికి ఆ పనే లేదు. టెలికాం శాఖ కూడా స్థలం యజమాని దగ్గర పన్నో ఫీజో వసూలు చేయదు. టవర్లు పెట్టేది లైసెన్సున్న ఫోన్ కంపెనీలు, లేదంటే టెలికాం శాఖ దగ్గర ‘ఐపీ-1’గా (టవర్ల వంటి మౌలిక సదుపాయాలు ఇచ్చేవాళ్లుగా) నమోదైన కంపెనీలు. ఐపీ-1ల జాబితా శాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది. నిజమైన కంపెనీ ముందు మనిషిని పంపి స్థలం చూస్తుంది, పట్టా కాగితాలు అడుగుతుంది, లీజు రాయించి బ్యాంకు ఖాతాలో అద్దె వేస్తుంది. స్థానిక అనుమతులు కూడా తనే తెచ్చుకుంటుంది. డబ్బు కంపెనీ నుంచి మీకు రావాలి తప్ప మీ దగ్గర్నుంచి వెళ్లకూడదు. ఇప్పటికే కట్టి ఉంటే గంట కూడా ఆగకుండా 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఖాతాలు మారకముందే చెబితే ఆపే వీలుంటుంది.

ప్ర: వాడని సేవకు బిల్లు వేశారు. ట్రాయ్‌కి మూడు ఉత్తరాలు రాశాను, పని జరగలేదు. అంత పెద్ద సంస్థ పట్టించుకోకపోతే ఇంకెవరికి చెప్పుకోవాలి?
— విశ్రాంత ఉపాధ్యాయురాలు, వరంగల్

జ: మీ బాధ న్యాయమైనదే. చిక్కల్లా అడ్రసు దగ్గరే వచ్చింది. 1997 చట్టంతో ఏర్పడిన ట్రాయ్ నియమాలు రాస్తుంది, నాణ్యత కొలుస్తుంది. ఒక్కొక్కరి ఫిర్యాదు తీర్చే అధికారం ఆ చట్టం దానికి ఇవ్వలేదు. అయితే 2012లో అది పెట్టిన ఫిర్యాదుల నియమాలు మీకు బాగా పనికొస్తాయి.

ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రానికి చెప్పాలి. చాలా నెట్‌వర్కుల్లో 198, ఉచితం. మాట్లాడి పెట్టేస్తే లాభం లేదు, డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) అడిగి తేదీతో సహా రాసిపెట్టుకోండి. అది లేకపోతే మీరు ఫిర్యాదు చేసినట్టే కాదు. పరిష్కారం నచ్చకపోయినా, గడువులోగా రాకపోయినా 30 రోజుల్లోపు అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి (అప్పీళ్లు వినే విభాగం) వెళ్లండి. రుసుము లేదు. 39 రోజుల్లో తేల్చాలి. అక్కడా కుదరకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో టెలికాం శాఖను ఎంచుకుని పెట్టవచ్చు.

జిల్లా వినియోగదారుల కమిషన్ దారి కూడా తెరిచే ఉంది. టెలికాం వివాదాలు అక్కడ చెల్లవని కంపెనీలు 2009 నాటి తీర్పు చూపించేవి. 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్ ప్రధానంగా కంపెనీలు, ప్రభుత్వం మధ్య తగాదాలకు. ఒక్కరి బిల్లు కోసం అటు వెళ్లకండి.

ప్ర: రాష్ట్రాలు విడిపోయి ఇన్నేళ్లయినా రీచార్జి దగ్గర ‘ఏపీ అండ్ తెలంగాణ’ అనే ఎందుకు వస్తుంది?
— విద్యార్థి, కరీంనగర్

జ: దేశాన్ని 22 సేవా ప్రాంతాలుగా (సర్కిళ్లుగా) విడగొట్టి లైసెన్సులిచ్చారు, స్పెక్ట్రమ్ వేలం కూడా ఆ హద్దుల మీదే. 2014లో రాష్ట్రం విడిపోయింది కానీ సర్కిల్ విడిపోలేదు. పోర్టింగులో (నంబరు మార్చకుండా కంపెనీ మారడంలో) తేడా తెలుస్తుంది. ఆదిలాబాద్ నంబరును తిరుపతిలో మార్చుకుంటే ఒకే సర్కిల్, 3 పని దినాలు. బెంగళూరు వెళ్లి మార్చుకుంటే 5.

ప్ర: మా అపార్ట్‌మెంటులో సిగ్నల్ లేదు. ఆన్‌లైన్‌లో 4 వేలకు బూస్టర్ దొరుకుతోంది. కొనవచ్చా?
— గృహిణి, విశాఖపట్నం

జ: కొనకండి. అనుమతి లేని బూస్టర్ పెట్టడం చట్టవిరుద్ధం, అమ్మడమూ అంతే. పైన యాంటెన్నా పట్టిన సిగ్నల్‌ను లోపలి యాంటెన్నా పెంచి వదులుతుంది. రెండింటికీ మధ్య తగినంత అడ్డం లేకపోతే వదిలిన సిగ్నలే మళ్లీ లోపలికి వచ్చి, మైకు దగ్గర స్పీకరు పెట్టినప్పటి కూతలాగా తిరుగుతుంది. ఆ రొద టవర్‌కు చేరి వీధిలో అందరి కాల్సూ తెగిపోతాయి. రొద ఎక్కడిదో టెలికాం శాఖవాళ్లు పరికరాలతో వెతికి పట్టుకుంటారు, బూస్టర్ తీసేయిస్తారు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఫోన్ సెట్టింగుల్లో వైఫై కాలింగ్ ఆన్ చేయండి, చాలా ఇళ్లలో అదే సరిపోతుంది. లేకపోతే అపార్ట్‌మెంటు సంఘం తరఫున, ఏ అంతస్తుల్లో రావడం లేదో రాసి, డాకెట్ నంబరుతో భవనం లోపల యాంటెన్నాలు అడగండి.

ప్ర: మస్కట్‌లో పనిచేస్తున్నాను. బ్యాంకు ఓటీపీల కోసం ఊరి నంబరు ఉంచుకున్నాను. ప్రతి నెలా రీచార్జి చేయకపోతే నంబరు పోతుందా?
— కడప జిల్లావాసి, ఒమన్

జ: ప్లాను గడువు అయిపోవడం వేరు, నంబరు పోవడం వేరు. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు ఏ వాడకమూ లేకపోతేనే తీసేయాలి. ఆ రోజు మెయిన్ బ్యాలెన్సులో 20 రూపాయలుంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. బ్యాలెన్సు లేక ఆగిపోయినా 15 రోజుల వెసులుబాటు ఉంటుంది. కానీ ప్లాను లేకపోతే మధ్యలో మెసేజీలు ఆగవచ్చు, మీకు కావలసింది ఓటీపీలే కదా. డేటా లేకుండా మాటలు, మెసేజీలకే ప్లాన్లు పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పింది. వాటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చు. అలాంటిది వేయించుకుని, ఊరు విడిచే ముందే అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించండి. నంబరు ఒకసారి పోతే కనీసం 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారు. అందుకే వదులుకునే ఉద్దేశం ఉంటే ముందు బ్యాంకులోనూ ఆధార్‌లోనూ నంబరు మార్పించుకోండి.