బల్ల మీది పెద్ద లాప్‌టాప్: మీ ప్రశ్నలు, మా జవాబులు

డెస్క్‌టాప్ బదులు పెద్ద తెర లాప్‌టాప్‌ను ఇంట్లో ఒకచోట పెట్టుకుని వాడే బెంగళూరు పాఠకుల నుంచి ఈ నెల చాలా ప్రశ్నలు వచ్చాయి. ఎక్కువమందికి పనికొచ్చే వాటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న (మారతహళ్లి): మాది అద్దె ఇల్లు. పదకొండు నెలల అగ్రిమెంటు అయ్యేసరికి ఇల్లు మారడం మామూలైపోయింది. రాత్రిపూట పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. డెస్క్‌టాప్ కొనాలా, 17 అంగుళాల లాప్‌టాప్ కొనాలా? 16 అంగుళాలదైతే మరీ చిన్నదైపోతుందా?

జవాబు: ఏడాదికోసారి సామాను సర్దేవాళ్లకి, పండక్కి ఊరెళ్తూ పని వెంట తీసుకెళ్లేవాళ్లకి పెద్ద లాప్‌టాప్ సరిగ్గా సరిపోతుంది. రోజూ ఆఫీసుకి మోసేవాళ్లకి మాత్రం వద్దు. గ్రాఫిక్స్ చిప్ ఉన్న 17.3 అంగుళాల యంత్రం రెండున్నర నుంచి మూడు కిలోలుంటుంది, చార్జరు మరో ముప్పావు కిలో దాకా ఉంటుంది. సిల్క్ బోర్డు దగ్గర కిక్కిరిసిన బస్సులో భుజాన వేసుకునే బరువు కాదది. యంత్రం ఎప్పటికీ బల్ల దిగదు అనుకుంటే డెస్క్‌టాపే కొనండి. అదే డబ్బుకి వేగం ఎక్కువ వస్తుంది. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే పెట్టె) పోతే అదొక్కటే ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ మార్కెట్లో కొనుక్కుని మార్చుకోవచ్చు. లాప్‌టాప్‌లో ప్రాసెసరూ గ్రాఫిక్స్ చిప్పూ మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి. బోర్డు పోతే మూడూ పోయినట్టే.

ఇక తెర. అంగుళాల లెక్క మూల నుంచి మూలకి. 17.3 అంగుళాల తెరల్లో ఎక్కువ భాగం 16:9 నిష్పత్తివి. వెడల్పు 38.3 సెంటీమీటర్లు, ఎత్తు 21.5. ఇప్పుడొస్తున్న 16 అంగుళాలవి ఎక్కువగా 16:10. వాటి వెడల్పు 34.5, ఎత్తు మాత్రం అదే 21.5. ఎత్తులో మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. వెడల్పులో నాలుగు సెంటీమీటర్లు తగ్గుతుంది, టైమ్‌లైన్ కాస్త కురచగా కనబడుతుంది, అంతే. అందుకే మీకు మేం చెప్పేది 16 అంగుళాల లాప్‌టాప్, ఇంట్లో పక్కన 27 అంగుళాల మానిటర్. మానిటర్‌కి చోటు లేదంటే అప్పుడు 18 అంగుళాలది చూడండి. 16:10లో దాని తెర 38.8 బై 24.2 సెంటీమీటర్లు, రెండు దిక్కులా పెద్దదే.

షాపులో అడగాల్సినవి కొన్నున్నాయి. తెర వంద శాతం ఎస్‌ఆర్‌జీబీ (తెరలకి ప్రామాణికంగా పెట్టుకున్న రంగుల శ్రేణి) చూపిస్తుందా అని మొదట అడగండి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (ఇది మరో రంగుల కొలత) అని రాసి ఉన్న, రంగులు తక్కువ చూపే చవక తెర మీద మధుపర్కాల అంచు ఎరుపు, పసుపు కుంకుమలు వెలిసిపోయినట్టుంటాయి. మీరు రంగు పెంచుతారు. అదే వీడియో పెళ్లివారింటి టీవీలో పెడితే ముఖాలన్నీ నారింజ రంగుకి తిరుగుతాయి. రెండోది గ్రాఫిక్స్ చిప్‌కి ఎన్ని వాట్లు ఇచ్చారన్నది. ఒకే ఆర్‌టీఎక్స్ 4060 పేరుతో 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకూ లాప్‌టాప్‌లున్నాయి. పేరొక్కటే అయినా పనితనం ఒక్కటి కాదు. కాబట్టి టీజీపీ అంకె (చిప్‌కి ఇచ్చే ఈ వాట్ల లెక్క) చూడందే డబ్బు కట్టకండి. మూడోది ర్యామ్. బోర్డుకి అతికించింది కాకుండా రెండు స్లాట్లున్నది తీసుకోండి. 4కే ఎడిటింగ్‌కి 32 జీబీ కావాలి, రెండు 16 జీబీ ముక్కలుగా పెడితే మంచిది. 2280 సైజు ఎస్‌ఎస్‌డీకి (ఫైళ్లు దాచే డిస్కు) రెండో ఎం.2 స్లాటు (దాన్ని గుచ్చే చోటు) ఖాళీగా ఉండాలి. ఒకదాంట్లో విండోస్, రెండోదాంట్లో వీడియోలు పెట్టుకోవచ్చు.

ప్రశ్న (ఎలక్ట్రానిక్ సిటీ): రెండేళ్లుగా లాప్‌టాప్ చార్జింగ్‌లోనే ఉంటుంది. ఈమధ్య టచ్‌ప్యాడ్ గట్టిపడింది, ఎడమవైపు నొక్కితే క్లిక్ కావడం లేదు. బల్ల మీద పెడితే ఒక మూల కొద్దిగా ఊగుతోంది. టచ్‌ప్యాడ్ మార్పిస్తే సరిపోతుందా?

జవాబు: టచ్‌ప్యాడ్ జోలికి వెళ్లకండి. ఈ లక్షణాలకి మొదట అనుమానించాల్సింది బ్యాటరీని. చేతులు ఆనించే చోట, టచ్‌ప్యాడ్ కిందే పలచటి సంచుల్లాంటి సెల్స్ ఉంటాయి. అవి ఉబ్బి పైకి తోస్తే టచ్‌ప్యాడ్ బిగుసుకుపోతుంది, కిందికి తోస్తే అడుగు మూత వంగి యంత్రం ఊగుతుంది. లాప్‌టాప్ మూసి కంటికి సమానంగా పెట్టి పక్కనుంచి చూడండి. మూతకీ అడుగుకీ మధ్య సందు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కనిపిస్తే అనుమానం తీరినట్టే.

ఈ రోజే చార్జరు తీసేయండి. ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకుని ఆఫ్ చేయండి. ఉబ్బిన చోట నొక్కి సమం చేయాలని చూడటం, సూదితో గాలి తీయడం ప్రాణం మీదికి తెచ్చే పనులు. సెల్ చిల్లు పడితే అంటుకుంటుంది, నీళ్లతో సులభంగా ఆరదు. పరుపుకీ కర్టెన్లకీ దూరంగా గచ్చు నేల మీద ఉంచి కంపెనీ సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్లండి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా వాళ్లకే అప్పజెప్పండి. చవగ్గా దొరికే పేరులేని బ్యాటరీ వద్దు. చాలా కంపెనీలు లాప్‌టాప్‌కి వారంటీ ఎన్నేళ్లిచ్చినా బ్యాటరీకి ఏడాదే ఇస్తాయి, బిల్లు చూసుకోండి. బ్యాటరీ తీసేసి చార్జరు మీదే నడుపుకుందామనుకుంటారేమో, కొన్ని మోడళ్లు అలా అయితే ప్రాసెసర్ వేగాన్ని బాగా తగ్గించేస్తాయి. పని ఒక్కసారిగా పెరిగినప్పుడు చార్జరుకి తోడుగా బ్యాటరీ నుంచి కూడా కరెంటు లాగేలా వాటిని తయారుచేస్తారు.

ఇలా ఎందుకవుతుందంటే, లిథియం సెల్‌కి నూరు శాతం చార్జీ, దానికి తోడు వేడి, రెండూ రోజుల తరబడి కలిసి ఉంటే లోపలి ద్రావణం విడిపోయి వాయువు పుడుతుంది. బల్ల మీద ఉండే లాప్‌టాప్‌కి ఈ రెండూ తప్పవు. కాబట్టి కొత్త బ్యాటరీ వేయించిన రోజే చార్జింగ్ హద్దు పెట్టండి. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్, ఆసుస్‌లో మైఆసుస్ యాప్‌లో బ్యాటరీ కేర్ ఉంటాయి. డెల్, హెచ్‌పీల్లో అయితే బయోస్‌లో (విండోస్ మొదలవక ముందు తెరిచే సెట్టింగుల తెర) బ్యాటరీ మెనూ చూడండి. 80 శాతం దగ్గర ఆగితే చాలు, 60 ఇచ్చే మోడల్ అయితే ఇంకా మేలు. ఊరెళ్లే ముందు రాత్రి మాత్రం హద్దు తీసి నిండా చార్జ్ చేసుకోండి.

ప్రశ్న (కె.ఆర్.పురం): చార్జింగ్‌లో ఉన్నప్పుడు లాప్‌టాప్ లోహపు భాగం మీద మణికట్టు ఆనితే జివ్వుమంటోంది. సర్వీసు సెంటర్‌లో అంతా బాగానే ఉందన్నారు. ప్రమాదమా?

జవాబు: వాళ్లన్నది నిజమే అయ్యుండొచ్చు. ఎక్కువగా ఇది ఇంట్లో ఎర్తింగ్ లోపం. చార్జరు లోపల విద్యుత్ రొదని వడకట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు మూడో పిన్ను ద్వారా భూమిలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే అది లాప్‌టాప్ ఒంటి మీదే ఉండి, మీరు తాకగానే మీ గుండా పోతుంది. సాధారణంగా ఆ కరెంటు ప్రాణం తీసేంత ఉండదు. కానీ ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చితే పోర్టు కాలిపోవచ్చు. పైగా అదే ఇంట్లో గీజరుకీ వాషింగ్ మెషీన్‌కీ కూడా ఎర్త్ లేకపోయి ఉండొచ్చు. అసలు భయపడాల్సింది అందుకు.

మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నులుగా మార్చే అడాప్టరు వాడుతుంటే ముందు అది తీసేయండి. అయినా జివ్వుమంటుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్‌లో మీటరు పెట్టించండి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య దాదాపు 230 వోల్టులు రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. కొందరు పని తేలికని సాకెట్‌లోనే న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ చిన్న వైరుతో కలిపేస్తారు. దానికి ససేమిరా ఒప్పుకోకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే మూడు పిన్నుల వస్తువులన్నిటి ఒంట్లోకీ పూర్తి కరెంటు వస్తుంది. ఇంటి ఓనరుతో మాట్లాడి ఎర్త్ పిట్ బాగుచేయించడమే దారి.

ప్రశ్న (బీటీఎం లేఅవుట్): మధ్యాహ్నం రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోని ఫైలుగా తయారుచేయడం) పెడితే ఫ్యాన్లు హోరెత్తుతాయి, పది నిమిషాలకి వేగం సగానికి పడిపోతుంది. కూలింగ్ ప్యాడ్ కొన్నా తేడా లేదు.

జవాబు: ప్రాసెసర్ 95 నుంచి 100 డిగ్రీలు తాకి తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోంది. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపి చూడండి, థర్మల్ థ్రాట్లింగ్ దగ్గర ఎస్ అని పడితే ఖాయం. ఈ ఊళ్లో ఆగకుండా సాగే కట్టడాల దుమ్ము ఫ్యాన్‌కీ వేడిని బయటికి పంపే రాగి రేకులకీ మధ్య చేరి దళసరి గుడ్డలా పేరుకుంటుంది. బయటి నుంచి చూస్తే కనపడదు. బయటి నుంచి ఊదితే ఇంకా లోపలికి దిగుతుంది. కూలింగ్ ప్యాడ్ గాలి ఆ గుడ్డని దాటలేదు.

అడుగు మూత తీసి, ముందు బ్యాటరీ కనెక్టరు ఊడదీసి, ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని రేకుల వైపు నుంచి బ్లోయర్‌తో ఊదాలి. వదిలేస్తే ఫ్యాను అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. మూడేళ్లు దాటిన యంత్రమైతే థర్మల్ పేస్టు (చిప్ వేడిని హీట్‌సింక్ అనే లోహపు భాగానికి చేర్చే పూత) కూడా మార్పించండి. ఇక్కడ రిపేరువాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. మెమరీ చిప్‌ల మీది మెత్తటి ప్యాడ్‌ల స్థానంలో మందం ఎక్కువున్నవి వేస్తారు. అర మిల్లీమీటరు పెరిగినా హీట్‌సింక్ పైకి లేచి ప్రాసెసర్‌కి సరిగా ఆనదు, వేడి మునుపటికన్నా పెరుగుతుంది. పాతది ఎంత మందమో అంతే వేయమని చెప్పండి. మీ మోడల్‌లో పేస్టు బదులు లిక్విడ్ మెటల్ (కరెంటు పారే ద్రవ లోహం) ఉంటే బయట విప్పించకండి. బోర్డు మీద ఒక్క చుక్క జారినా షార్ట్ అవుతుంది.

శుభ్రం చేయించే లోపు లాప్‌టాప్ వెనక అంచు మూడు సెంటీమీటర్లు ఎత్తి పెట్టండి, కింద గుడ్డ పరవకండి. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 చేస్తే చాలా యంత్రాల్లో టర్బో (ప్రాసెసర్ అదనపు వేగం) ఆగి వేడి బాగా తగ్గుతుంది. ఆ గడి మీకు కనబడకపోతే కంపెనీ యాప్‌లో క్వైట్ మోడ్ పెట్టండి.

ప్రశ్న (హొరమావు): కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్ నడుస్తుంది, వైఫై పోతుంది. పెద్ద యూపీఎస్ కావాలా?

జవాబు: అక్కర్లేదు. రౌటరు అడాప్టరు మీద వోల్టులు, ఆంపియర్లు చూసి సరిపోయే మినీ యూపీఎస్ కొనండి. ఎక్కువ రౌటర్లు 12 వోల్టులవి. ఫైబరు పెట్టె వేరుగా ఉంటే రెండింటికీ కరెంటిచ్చే రెండు అవుట్‌పుట్‌లున్న మినీ యూపీఎస్ తీసుకోండి. సొంత అడాప్టరుతో నడిచే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు మీద ఎడిట్ చేసేవాళ్లకి మాత్రం దాని కోసం మామూలు యూపీఎస్ ఉండాలి. రాస్తుండగా డిస్కు ఆగితే ఫైలు చెడుతుంది.

ప్రశ్న (వైట్‌ఫీల్డ్): లాప్‌టాప్ మూసేసి 27 అంగుళాల 4కే మానిటర్ మీద పనిచేయాలి. మౌస్ బాణం గెంతుతూ కదులుతోంది. డాక్‌తో (మానిటర్, మౌస్ లాంటివన్నీ ఒకే కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపే పెట్టె) చార్జ్ చేస్తున్నా సాయంత్రానికి బ్యాటరీ తగ్గిపోతోంది.

జవాబు: బాణం గెంతుతోందంటే మానిటర్ 30 హెర్ట్జ్‌లో నడుస్తోంది. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు గానీ పాత కేబుల్ గానీ 4కేలో అంతకు మించి ఇవ్వవు. డిస్‌ప్లే సిగ్నల్ ఇచ్చే యూఎస్‌బీ-సీ పోర్టు ఉంటే అక్కణ్నుంచి నేరుగా మానిటర్ డిస్‌ప్లేపోర్ట్‌కి వెళ్లే కేబుల్ వేసి, విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 60 ఎంచుకోండి. మూత మూసినా నిద్రపోకుండా కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో, ప్లగ్డ్ ఇన్ కింద, డూ నథింగ్ పెట్టండి. మీ మోడల్ కీబోర్డు సందుల్లోంచి గాలి పీల్చేదైతే బరువైన పనప్పుడు మూత తెరిచే ఉంచండి. డాక్‌లు ఎక్కువగా 60 నుంచి 100 వాట్లే ఇస్తాయి. 230 వాట్ల చార్జరుతో వచ్చిన యంత్రానికి పని ఎక్కువైనప్పుడు అది చాలక మిగతాది బ్యాటరీ నుంచి లాగుతుంది. డాక్‌ని కేబుళ్ల కోసమే ఉంచుకుని, పెట్టెలో వచ్చిన చార్జరు కూడా పెట్టే వాడండి.