వంటింట్లో ముసిరే చిన్న ఈగల గురించి అమ్మలుకి

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ దీవించి రాయునది.

పాపకి ఒక చేత్తో ఉగ్గు పెడుతూ రెండో చేత్తో ఈగలు తోలుతున్నానని నిన్న ఫోన్లో చెప్పావు. రాత్రంతా నాకదే ధ్యాస. నోటితో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను.

ముందు ఆ మందు డబ్బా తీసి అటక మీద పెట్టెయ్. పసిపిల్ల తిరిగే ఇంట్లో, వండిన గిన్నెల మీద అది కొట్టకు. సాంబ్రాణి పొగ కూడా ఆ పూటకే. ఎగిరేవాటిని ఎన్ని చంపినా పుట్టేచోటు అలాగే ఉంటే రేపు మళ్ళీ అన్నీ వస్తాయి. కొత్త కాపురంలో నేనూ పది రోజులు మందే కొట్టాను. చివరికి బియ్యం డబ్బా వెనక్కి దొర్లిపోయిన బంగాళాదుంప ఒకటి కుళ్ళి నీరై కనిపించింది. అది తీసి, ఆ చోటు కడిగాకే నా ఇల్లు తెరిపిన పడింది.

కాబట్టి వాటి పుట్టిల్లు వెతుకు. అరటిపళ్ళ చుట్టూ మెల్లగా తిరుగుతూ, గోధుమరంగులో, ఎర్రటి కళ్ళతో ఉంటే అవి పళ్ళ మీద పుట్టేవి. నల్లగా, సన్నగా, పొడుగు కాళ్ళతో కిటికీ అద్దాల మీదా, కుండీల మట్టి మీదా పాకుతుంటే తడిమట్టివి. స్నానాలగది గోడకి నూగు రెక్కలతో అతుక్కుని, తట్టితే కాస్త ఎగిరి మళ్ళీ అక్కడే వాలితే తూము పురుగులు.

మొదటిరకం మీ ఇంటికి మేం పంపిన ఉద్దానం పనసపండుతోనే వచ్చి ఉంటాయి. తొనలు తీసేశాక తోలూ, పిప్పీ రాత్రి చెత్తబుట్టలో ఉంచావా? పులిసిన వాసనంటే వాటికి ప్రాణం. ఒక్క ఆడ ఈగ 500 దాకా గుడ్లు పెట్టగలదు. మన ఎండాకాలపు వేడికి పదిరోజుల్లో గుడ్డు ఈగైపోతుంది. తోలు కాగితంలో చుట్టి ఆ పూటే బయటికి పంపించు. పిక్కలు కడిగి ఎండలో ఆరబెట్టు. ఉల్లిపాయల బుట్ట అడుగూ, చెత్తబుట్ట మూత లోపలా, గిన్నెలు తుడిచే గుడ్డా కూడా చూడు. తరవాణి కుండకి పల్చటి గుడ్డ వాసెన కట్టు.

మిగిలినవాటికి ఒక గ్లాసులో వెనిగర్ పోసి, చిన్న బెల్లంముక్క కరిగించి, గిన్నెలు తోమే సబ్బునీళ్ళు రెండు చుక్కలు వెయ్యి. వెనిగర్ లేకపోతే రెండ్రోజుల తరవాణి చాలు. సబ్బుచుక్క మాత్రం మానకు. అది లేకపోతే ఈగ నీటి పైపొర మీద వాలి, తాగి, ఎగిరిపోతుంది. సబ్బు పడితే ఆ పొర బిగువు పోయి మునిగిపోతుంది. రెండ్రోజులకోసారి పారబోసి కొత్తది పెట్టు.

ఇక కుండీలు. నువ్వు తులసమ్మకి రోజూ చెంబుడు నీళ్ళు పోస్తావని నాకు తెలుసు. పూజ మానమనను తల్లీ, ఉద్ధరిణెడు పొయ్యి, ఆవిడకి చాలు. మొక్క దాహం తీర్చే నీళ్ళు పైమట్టి రెండంగుళాలు పొడిగా ఆరాకే పొయ్యి. ఆ పైమట్టిలోనే వాటి పిల్లపురుగులు బతుకుతాయి, ఆరితే చస్తాయి. బియ్యం కడుగూ, టీ పిప్పీ కుండీల్లో వెయ్యడం కొన్నాళ్ళు ఆపు. మట్టి మీద అంగుళం మందాన పొడి ఇసక పరిస్తే పైకి ఎగిరొచ్చేవీ, గుడ్లు పెట్టేవీ రెండూ తగ్గుతాయి. భీమిలి వెళ్ళినప్పుడు సముద్రం ఇసక తేవద్దు, ఆ ఉప్పు మొక్కకి చేటు. వీటికి గుడ్డు నుంచి ఈగ దాకా మూడు నాలుగు వారాలు పడుతుంది, వారంలో పోలేదని విసుక్కోకు.

తూము అనుమానమైతే, రాత్రి పడుకోబోయే ముందు గాజుగ్లాసు లోపల నూనె రాసి రంధ్రం మీద బోర్లించు. పొద్దున్నకి పురుగులు అతుక్కుంటే అక్కడే పుడుతున్నట్టు. గొట్టం లోపల పేరుకున్న జిగటని పొడుగు బ్రష్షుతో గీకి తియ్యాలి, ఒట్టి మందునీళ్ళు పోస్తే పైపైనే జారిపోతాయి. ప్లాస్టిక్ గొట్టాల్లో సలసల కాగే నీళ్ళు పొయ్యకు, అతుకులు వదులవుతాయి. వేడినీళ్ళు చాలు.

వచ్చే ఆదివారం మీ పెదనాన్న పనిమీద విజయనగరం వస్తున్నారు. నాగావళి ఇసక జల్లించి చిన్న మూట కట్టి ఇస్తున్నాను. పనసపండు మాత్రం ఈసారి కోసి, తొనలే డబ్బాలో పెట్టి పంపుతాను.

మీ పెద్దమ్మ