బుజ్జి బండిని ఇంటి దగ్గర సగం సైజులో చేయాలంటే

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో మా గల్లీ వినాయకుడి ఊరేగింపు కోసం 'కల్కి 2898 ఏడీ' సినిమాలోని బుజ్జి లాంటి మూడు చక్రాల బండి చేయాలనుకుంటున్నాం. వెల్డింగ్ వచ్చినవాళ్లు ఇద్దరున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: స్టీరింగ్ దగ్గర. కంటికి కనబడేది బాడీ కాబట్టి చాలామంది ముందు అదే చేస్తారు. తర్వాత దాని కింద చక్రాలు ఇరికిస్తే అవి పూర్తిగా తిరగవు, ఎండిన ఫైబర్‌ని కోయాల్సి వస్తుంది.

అసలు బండి పొడవు 6075 మిల్లీమీటర్లు, వెడల్పు 3380, ఎత్తు 2186. సగం చేస్తే పదడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు. పని పెట్టుకునే జాగ గేటు ముందే కొలవండి. గేటు అయిదడుగులే ఉంటే బండి బయటికి రాదు.

ముందు రెండు చక్రాలకు పాత మారుతీ 800 ముందు భాగాన్ని మొత్తంగా కొనండి: స్టీరింగ్ ర్యాక్, నకిల్స్, లోయర్ ఆర్మ్‌లు, షాకబ్జార్బర్లు, బ్రేకులు. హైదరాబాద్‌లో విజయవాడ హైవే మీది ఆటోనగర్‌లో కటింగ్ బండ్ల సామాను దొరుకుతుంది. చైన్లు, బేరింగులకు సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లండి. విడి భాగాలు ఏరుకొచ్చి సొంతంగా స్టీరింగ్ అల్లితే మలుపులో టైర్లు ఈడ్చుకుపోతాయి, ఆ తప్పు తర్వాత సరిదిద్దడం చాలా కష్టం. ఒక్క జాగ్రత్త: ఇంజిన్ నుంచి వచ్చే డ్రైవ్ షాఫ్టు తీసేసినా, దాని బయటి జాయింటును హబ్బులోనే ఉంచి నట్టు గట్టిగా బిగించాలి. బేరింగును పట్టి ఉంచేది అదే. అది లేకుండా నడిపితే చక్రం ఊడుతుంది.

వెనక ఒకే చక్రం. ఆటో టైరు 4.00-8 సరిపోతుంది. 48 వోల్టుల 1000 వాట్ల గేర్ మోటారు తీసుకోండి. దాని షాఫ్టు 500 ఆర్‌పీఎం తిరిగితే, అక్కడ 11 పళ్లు, చక్రానికి 44 పళ్ల స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) పెడితే వేగం గంటకు పది కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. మైదానంలో తిప్పడానికి అంతకుమించి అక్కర్లేదు. చక్రంలోనే ఉండే హబ్ మోటారు వద్దు. మనిషి నడక వేగంలో గంటల తరబడి లాగితే వేడెక్కి కాలిపోతుంది.

ఫ్రేముకు 40x40 చదరపు పైపు, 2 మిల్లీమీటర్ల మందం, ఇరవై అడుగులవి అయిదు. బాడీ ఆనడానికి 25x25 పైపులు ఇంకో అయిదు. మోటారుకు 48 వోల్టులిచ్చే నాలుగు 12 వోల్టుల బ్యాటరీలనూ ముందు చక్రాల మధ్యే పెట్టండి. మారుతీ స్ప్రింగులు ఇంజిన్ బరువుకు చేసినవి. ముందు బరువు లేకపోతే బండి మూతి పైకి లేస్తుంది, మలుపులో లోపలి చక్రం గాలిలోకి లేస్తుంది. మనుషులతో కలిపి బండి 500 కిలోలు తూగితే ముందు ఒక్కో చక్రం మీద 175, వెనక 150 పడాలి. వడ్లు తూచే కాంటా తెచ్చి ఒక్కో చక్రం కింద పెట్టి చూడండి. మిగతా రెండు చక్రాల కింద కాంటా ఎత్తుకు సమానంగా చెక్కలు పెట్టాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. తర్వాత సీట్లలో రెండు సిమెంటు బస్తాలు కట్టి ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడిపి చూడండి. చక్రాలు ఎంత తిరుగుతాయో కొలిచి, దానికి రెండంగుళాలు వదిలి బాడీ గీయండి.

లైట్లకు కరెంటు ఒక్క బ్యాటరీ నుంచి లాగొద్దు. ఆ ఒక్కటి ముందే దిగిపోయి, మిగతా మూడు బాగున్నా బండి ఆగుతుంది. 48 నుంచి 12 వోల్టులకు కన్వర్టర్ పెట్టండి. కరెంటు ఎక్కువైతే ఆపేసే ఎంసీబీ స్విచ్చు ఇంట్లో వాడేదైతే ఇక్కడ పనికిరాదు. బ్యాటరీ నుంచి వచ్చే డీసీ కరెంటు కోసం చేసింది కావాలి, ఎందుకంటే డీసీలో పుట్టే నిప్పురవ్వను మామూలుది ఆర్పలేదు.

ఇక బాడీ. థర్మాకోల్ చెక్కి దాని మీద నేరుగా పాలియెస్టర్ రెసిన్ పూస్తే థర్మాకోల్ కరిగిపోతుంది. ముందు మొత్తం బ్రౌన్ టేపు చుట్టండి. 450 గ్రాముల ఫైబర్ మ్యాట్ రెండు పొరలు వేయాలి. పది చదరపు మీటర్లకు మ్యాట్ తొమ్మిది కిలోలు, రెసిన్ 22 కిలోలు పడుతుంది. కిలో రెసిన్‌లో ముందు కోబాల్ట్ (త్వరగా గట్టిపడేలా చేసే ద్రవం) 10 మిల్లీలీటర్లు వేసి బాగా కలిపాక, హార్డెనర్ 10 మిల్లీలీటర్లు. ఈ రెండిటినీ నేరుగా ఒకదాంతో ఒకటి ఎప్పుడూ కలపకూడదు, భగ్గుమంటుంది, పేలుతుంది కూడా. రెండు సీసాలనూ వేర్వేరు చోట్ల పెట్టండి. మన దగ్గర ఎండాకాలంలో మధ్యాహ్నం కలిపితే డబ్బాలోనే గట్టిపడిపోతుంది. తెల్లారి తొమ్మిదిలోపు, అరకిలో చొప్పున కలపండి.

రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డు మీద సొంతంగా నడపడానికి వీల్లేదు. ఊరేగింపులో దాన్ని డీసీఎం లారీ ఎక్కించి, చక్రాలకు అడ్డుకట్టలు వేసి, బెల్టులు బాడీకి కాకుండా ఫ్రేముకే కట్టండి. చవితి వానల్లోనే వస్తుంది కాబట్టి మోటారు వేగాన్ని నడిపించే కంట్రోలర్‌ను సీటు కన్నా పైన బిగించి, దానిలోకి వెళ్లే వైర్లను కిందికి ఒక వంపు తిప్పి తీసుకెళ్లండి. నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.