మడమ మడత పడితే వచ్చిన బెల్టు

ప్రశ్న: ఉగాండాలో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ బాక్సర్ జాన్ ముగాబీకి, ఎదుటివాడి కాలు మెలిక పడి ప్రపంచ టైటిల్ దక్కిందట. అదీ ఓ గెలుపేనాండీ?
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: మన కోనసీమ వెటకారం పోనిచ్చుకున్నారు కాదు! మాట మాత్రం నిజమే. 1989లో ఫ్రాన్స్‌లో అప్పటి చాంపియన్ రెనె జాకో మొదటి రౌండులోనే మడమ మడత పడి కూలాడు, బెల్టు ముగాబీదైంది. తొమ్మిది నెలలు తిరక్కుండానే టెర్రీ నోరిస్ లాగేసుకున్నాడు, అదీ మొదటి రౌండులోనే.

కానీ ముగాబీకి 1980 మాస్కో ఒలింపిక్స్ రజతం ఊరికే రాలేదుగా! అతన్ని చూడాలంటే 1986 మార్చి 10, లాస్ వేగాస్ పోటీ చూడాలి. బరువు పెంచుకుని మరీ పై తరగతి (మిడిల్‌వెయిట్) ప్రపంచ చాంపియన్ మార్విన్ హాగ్లర్ మీదికెళ్లాడు. మొన్న మా కొబ్బరి రాశి దగ్గర ఫోన్లో పెట్టాను. ఆరో రౌండులో అన్ని దెబ్బలు తిన్నాక ముగాబీ పడిపోతాడనుకున్నాం. పడలేదు. పదకొండులో తాళ్ల పక్కన అలా కూర్చుండిపోయాడు. వలుపు కుర్రాడు గునపం మీద కాయ అలాగే వదిలేసి, "ఈయనేనా ఓడింది, గురువుగారూ?" అన్నాడు.