తిరిగి లేచిన నోడ్ గురించి మేనల్లుడికి

నెల్లూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాస్తున్నది.

నువ్వు ఒంగోలులో ఉద్యోగంలో చేరావనీ, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల్లో పెట్టిన మీటర్ల నుంచి నిమిషానికొకసారి వచ్చే డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), సెలినిటీ (ఉప్పదనం) లెక్కలన్నీ భద్రపరిచే కసాండ్రా క్లస్టర్‌ను, అంటే ఒకే డేటాబేస్‌ను కలిసి నడిపే సర్వర్ల గుంపును, చూసుకునే పని నీకే అప్పగించారనీ మీ అమ్మ చెప్పింది. "మూడు సర్వర్లలో ఒకటి పడిపోతే ఏం చేయాలి మామయ్యా?" అని నువ్వు పంపిన ప్రశ్న రెండు రోజులుగా నా మనసులోనే ఉంది. పదిహేనేళ్లు ఈ పని చేసినవాడిగా చెబుతున్నాను: పడిపోయిన సర్వర్ కన్నా, పడిపోయి చాలా రోజులకు తిరిగి లేచిన సర్వర్ దగ్గరే నువ్వు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

మీ కీస్పేస్‌కు, అంటే టేబుళ్లన్నీ ఉండే పెట్టెకు, రెప్లికేషన్ ఫ్యాక్టర్ 3 అని పెట్టి ఉంటే ప్రతి లెక్కకూ మూడు సర్వర్లలో ఒక్కొక్క నకలు ఉంటుంది. వ్రాసేటప్పుడూ చదివేటప్పుడూ క్వోరమ్ అడిగితే మూడింటిలో రెండు సరేనంటే చాలు. వ్రాసిన రెండింటిలో ఒకటైనా చదివిన రెండింటిలో ఉండక తప్పదు కనుక తాజా విలువే చేతికి వస్తుంది. అందువల్ల ఒక సర్వర్ పడిపోయినా రైతు ఫోన్‌లో లెక్క ఆగదు. సర్వర్ల స్థితి చూపే నోడ్‌టూల్ స్టేటస్ ఆదేశం కొట్టినప్పుడు ఒక వరుసలో యూఎన్ (నడుస్తోంది) బదులు డీఎన్ (పడిపోయింది) కనిపిస్తే అర్ధరాత్రి కంగారుపడి ఉన్నవాటిని కూడా రీస్టార్ట్ చేయవద్దు. మిగిలిన రెండూ క్షేమంగా ఉన్నాయా, వాటి డిస్కుల్లో ఖాళీ ఉందా అని చూసుకుని, మూడోది ఎన్ని గంటలకు పడిపోయిందో పుస్తకంలో వ్రాసిపెట్టుకో. ఆ తర్వాత నువ్వు చేయవలసినదంతా ఆ సమయాన్ని బట్టే ఉంటుంది.

ఒక నోడ్, అంటే క్లస్టర్‌లోని ఒక సర్వర్, అందుబాటులో లేనప్పుడు దానికి చేరవలసిన మార్పులను మిగిలిన నోడ్‌లు హింట్‌లుగా దాచిపెడతాయి, అయితే మామూలు సెట్టింగులో 3 గంటల వరకే దాస్తాయి. ఈలోపు అది తిరిగి వస్తే వాటిని అప్పగిస్తాయి. 3 గంటలు దాటితే ఆపై జరిగిన మార్పులు దానికి తెలియవు కనుక, అది లేచిన వెంటనే నువ్వే రిపేర్ (నకళ్లను పోల్చి తేడాలు సరిచేసే పని) నడపాలి. రెండో గడువు 10 రోజులది, అసలు ప్రమాదం అక్కడే ఉంది. కసాండ్రాలో ఒక వరుసను డిలీట్ చేస్తే అది అప్పటికప్పుడు డిస్కు మీద నుంచి పోదు. దాన్ని తొలగించామని చెప్పే గుర్తు ఒకటి పడుతుంది. ఆ గుర్తును టూంబ్‌స్టోన్, అంటే సమాధిరాయి అంటారు. జీసీ గ్రేస్ సెకండ్స్ అనే అమరికలో మొదటి నుంచీ ఉండే విలువ 8,64,000 సెకండ్లు, సరిగ్గా 10 రోజులు. అది దాటాక కంపాక్షన్, అంటే డిస్కు మీది ఫైళ్లను కలిపి సర్దే పని, ఆ రాయిని కూడా తీసిపారేయవచ్చు. అంతకాలమూ ఆగిపోయి ఉన్న నోడ్‌కు తొలగింపు సంగతే తెలియదు, దాని డిస్కులో పాత వరుస చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని అప్పుడు ఆన్ చేశావంటే మిగిలిన రెండింటిలో వరుసా లేదు, రాయీ లేదు. దీనిలో మాత్రం వరుస ఉంది. రిపేర్ దాన్ని మిగిలినవాళ్లు పోగొట్టుకున్న డేటాగానే భావించి అందరికీ పంచిపెడుతుంది.

2015 నవంబరు వానల్లో నేను నెల్లూరులోనే ఒక సంస్థలో పనిచేస్తున్నాను. రైతులకు ధాన్యం ధరలు మెసేజిలుగా పంపడం మా పని. కింది అంతస్తులోని నోడ్‌ను నీటి భయానికి ఆపేసి, పట్టాలో చుట్టి పైకి చేర్చాము; పనుల ఒత్తిడిలో అది అక్కడే ఉండిపోయింది. మూడు వారాల తర్వాత నేనే దాన్ని తుడిచి, కేబుళ్లు తగిలించి ఆన్ చేసి, రిపేర్ నడిపాను. డీఎన్ పోయి యూఎన్ వచ్చింది, సంతోషించి ఇంటికి వెళ్లాను. రెండు రోజులకు విడవలూరు నుంచి ఒక కుర్రవాడు వచ్చి తన ఫోన్ నా బల్ల మీద పెట్టాడు. "మా నాయన పోయి నెల కావస్తా ఉంది సార్. పేరు తీసేయమంటే తీసేసినారు. ఈ పొద్దు మళ్లా ఆయన పేరుతోనే వచ్చింది, మా అమ్మ చూసింది" అన్నాడు. గొంతు పెంచలేదు. మేము ఆ పేరు తొలగించిన రోజున ఆ నోడ్ పట్టాలో ఉంది. అలాంటి పేర్లన్నీ వెతికి మళ్లీ తొలగించడానికి వారం పట్టింది కానీ, ఆ తల్లి చూసిన మెసేజిని నేను వెనక్కి తీసుకోలేకపోయాను.

కాబట్టి 10 రోజులు దాటిన నోడ్‌ను ఎప్పుడూ దాని పాత డేటాతో లేపవద్దు. డేటా, కమిట్ లాగ్, హింట్‌ల డైరెక్టరీలు ఖాళీ చేసి, రీప్లేస్ అడ్రస్ ఫస్ట్ బూట్ అనే ఆప్షన్‌లో పోయిన నోడ్ ఐపీ ఇచ్చి కొత్త నోడ్‌గా మొదలుపెట్టు. మిగిలిన రెండింటి నుంచి డేటా మొత్తం తెచ్చుకుంటుంది. సీడ్ల (క్లస్టర్‌లో చేరే నోడ్ మొదట పలకరించే నోడ్‌ల) జాబితాలో దాని పేరు ఉంటే ముందు తీసేయాలి, ఎందుకంటే సీడ్‌గా తననే చూసుకున్న నోడ్ డేటా తెచ్చుకునే పనే పెట్టుకోదు. నాలుగో సర్వర్‌ను చేర్చేటప్పుడు కూడా ఇదే పొరపాటు చేస్తారు: అది ఖాళీ చేతులతో చేరి యూఎన్ అని చూపిస్తుంది, రైతుకేమో నిన్నటి లెక్కలు కనిపించవు.

ఏ నోడూ పడిపోకపోయినా రిపేర్ మానవద్దు. నెట్‌వర్క్ తడబడినప్పుడల్లా ఒక నకలుకు ఏదో ఒక మార్పు అందకుండా పోతూనే ఉంటుంది. వారానికొకసారి మూడు నోడ్‌ల మీదా, ఒకదాని తర్వాత ఒకటిగా, పీఆర్ ఆప్షన్‌తో (ప్రతి నోడ్ తన ప్రధాన వాటానే సరిచేసేలా) నడుపు. చాలామంది దీన్ని తెల్లవారుజామున పెట్టుకుంటారు, మీకు మాత్రం అది పనికిరాదు. చెరువులో డీఓ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. రైతు ఏరేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) వేయాలా వద్దా అని మీ తెర చూసే వేళ అది. డిస్కు ఈ రిపేర్ పనిలో మునిగి లెక్క ఆలస్యంగా వస్తే ఆ రైతు పంట పోతుంది. అందుకని మిట్టమధ్యాహ్నం నడుపు.

గడియారాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. టేబుల్‌లో ఒకే గడికి రెండు విలువలు వస్తే కసాండ్రా ఎక్కువ టైమ్‌స్టాంప్ ఉన్నదాన్నే నిలుపుకుంటుంది. గడియారం 5 నిమిషాలు ముందుకు నడిచే సర్వర్ నుంచి ఒక విలువ వచ్చిందంటే, ఆ 5 నిమిషాల్లో సరైన గడియారంతో చేసిన సవరణలన్నీ నిశ్శబ్దంగా ఓడిపోతాయి. సాధారణంగా ఆ టైమ్‌స్టాంప్ వేసేది అప్లికేషన్ వైపు డ్రైవర్ కనుక క్లస్టర్‌తోపాటు అప్లికేషన్ నడిచే యంత్రాల్లోనూ గడియారాలను సరిచేసే క్రోనీ నడవాలి.

మొదటి అమరికల్లో ఎక్కువ చెప్పేది లేదు. క్లస్టర్ పేరును టెస్ట్ క్లస్టర్ అని వదిలేయకు, తర్వాత ఫైలులో మారిస్తే నోడ్ లేవనని మొరాయిస్తుంది. స్వాప్ (మెమరీ చాలనప్పుడు డిస్కును వాడుకోవడం) ఆపెయ్యి. ఏ నోడ్ ఎక్కడుందో క్లస్టర్‌కు చెప్పే స్నిచ్‌గా గాసిపింగ్ ప్రాపర్టీ ఫైల్ స్నిచ్ పెట్టు. లాగిన్ వివరాలుండే సిస్టమ్ ఆత్ కీస్పేస్‌కు మాత్రం మొదట్లో ఒక్క నకలే ఉంటుంది; అది ఉన్న నోడ్ పోతే డేటా అంతా ఉన్నా లాగిన్ కాలేరు. దాన్ని 3 చేసి వెంటనే రిపేర్ నడుపు.

టేబుల్‌కు పార్టిషన్ కీగా (ఏ వరుసలు ఒకే గుంపుగా ఉండాలో నిర్ణయించేది) చెరువు నంబరు ఒక్కటే పెట్టారేమో చూడు. నిమిషానికొక లెక్క అంటే రోజుకు 1,440 వరుసలు, ఏడాదికి 5,25,600. పార్టిషన్ ఏళ్ల తరబడి ఉబ్బుతూనే ఉంటుంది. చెరువు నంబరు పక్కన తేదీని కూడా కీలో చేర్చు. గడువు తీరగానే పోవలసిన లెక్కలకు టీటీఎల్ (ఎంతకాలం ఉండాలన్న గడువు) పెట్టి, ఒకే కాలపు లెక్కలను కలిపి సర్దే టైమ్ విండో కంపాక్షన్ వాడు.

స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకోవద్దు. అది అదే డిస్కు మీద వేసిన హార్డ్ లింకుల (అవే ఫైళ్లకు పెట్టిన మరో పేర్ల) గుంపు, డిస్కు పోతే దానితోపాటే పోతుంది. మూడు సర్వర్లూ ఒకే గదిలో ఒకే యూపీఎస్ మీద ఉన్నాయని విన్నాను. సముద్రం ఒడ్డున ఉన్న జిల్లాలో తుపాను ఏ ఏడాదైనా రావచ్చు. స్నాప్‌షాట్‌ను ప్రతిరోజూ వేరే ఊరికి కాపీ చేయించి, నెలకొకసారి అక్కడి కాపీ నుంచి ఒక టేబుల్‌ను నిజంగా వెనక్కి తెచ్చి చూడు.

ఈ ఉత్తరం అందగానే నోడ్‌టూల్ స్టేటస్ చూపించేదంతా కాపీ చేసి, మూడు నోడ్‌లకూ రిపేర్ చివరిసారి పూర్తయిన తేదీలు దాని కింద వ్రాసి పంపు. వాటిలో ఒక్క తేదీ అయినా 10 రోజులు దాటి ఉంటే ఏదీ మొదలుపెట్టకముందే నాకు ఫోన్ చెయ్యి. ముందు జీసీ గ్రేస్‌ను తాత్కాలికంగా పెంచి, ఆ తర్వాత రిపేర్ మొదలుపెడదాము.

ఇట్లు,
మీ మామయ్య