కరోనా లాంటిది మళ్ళీ వస్తే విజయవాడలో క్రెష్‌లు, చిన్నపిల్లల తల్లిదండ్రులు ఎలా నెట్టుకురావాలి?

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక మా సత్యనారాయణపురంలో ఇంటి కింది వాటాలో క్రెష్ నడిపే ఆవిడకి ముందు తగిలిన దెబ్బ అద్దె. పిల్లలు రారు, ఫీజు రాదు, ఆయాలకి జీతం మాత్రం ఇవ్వాలి. అందుకే నన్నడిగితే ఫీజు మొత్తం ఆపేయకుండా సగమో పావో ఇస్తామని తల్లిదండ్రులు ముందే మాట్లాడుకోవాలి, లేకపోతే మళ్ళీ తెరిచేనాటికి ఆ ఆయా ఏ బట్టల షాపులోనో చేరిపోతుంది, మీవాడు కొత్త ముఖం చూసి గుక్కపట్టి ఏడుస్తాడు.

అంగన్‌వాడీల సంగతి వేరు. కేంద్రాలు మూసినా సరుకులు ఇంటికే ఇచ్చారు, కాబట్టి మొహమాటపడకుండా పేరు రాయించుకోండి.

తెరిచాక కిటికీలు తీసి ఉంచాలి, ఒక్కో గుంపు పిల్లలకి రోజూ అదే టీచర్ ఉండాలి, జ్వరమొస్తే ఇంట్లోనే. ఐదేళ్ళలోపు వాళ్ళకి మాస్కు అక్కర్లేదని కేంద్ర ఆరోగ్య శాఖ 2021లోనే చెప్పింది (పెట్టినా ఐదు నిమిషాల్లో గడ్డం కిందికి, ఆ తర్వాత నోట్లోకి!).

టీకాలు మాత్రం వాయిదా వేయొద్దు, ముఖ్యంగా తట్టుది: 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది.